పాత ఎఫ్ 150లో పాడైన ఏసీ: మొత్తం పీకేయాలా, పీకితే బెల్టు సంగతేంటి?

తాటిముంజ_టెక్సాస్:

నమస్తే అందరికీ. బండి పని తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి, కొంచెం పెద్ద పోస్టే. నా దగ్గర 1995 ఫోర్డ్ ఎఫ్ 150 ఉంది, 4.9 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్ ఇంజిను, 5 గేర్ల మాన్యువల్. మేం డాలస్‌కి ఉత్తరాన ఉంటాం, ఇంటి వెనక కాస్త జాగా ఉంది, ఎరువు, మట్టి, కంచె కర్రలు మోసుకోడానికి రెండేళ్ళ కిందట మా వీధి చివర పెద్దాయన దగ్గర కొన్నా. ఆయన కొత్తగా కొని అన్నేళ్ళూ దగ్గరుండి చూసుకున్న బండి, ఇప్పటికీ తాళం తిప్పగానే అందుకుంటుంది. ఆఫీసుకెళ్ళే కారు వేరే ఉంది, ఇది శని ఆదివారాల బండి, కానీ నిజం చెప్పాలంటే కారు కన్నా నాకు దీని మీదే ప్రాణం.

సమస్య ఏసీ. నేను కొన్నప్పటికే చల్లదనం లేదు, పెద్దాయన కూడా అది పనిచేసి చాలా ఏళ్ళయింది బాబూ అన్నారు. సరే కిటికీలు దించుకుని తిరుగుదాంలే అని పట్టించుకోలా. ఇప్పుడు నెల రోజులనుంచి స్టార్ట్ చేయగానే ముందువైపు గరగరమని చప్పుడు, రోట్లో గులకరాళ్ళేసి రుబ్బినట్టు. మొదట్లో ఐదు నిమిషాలకి తగ్గేది, ఇప్పుడు తగ్గట్లేదు, ఏసీ ఆఫ్‌లో ఉన్నా వస్తుంది. నాన్న సంక్రాంతి అయ్యాక వచ్చారు, తెనాలి దగ్గర మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఆయిలింజన్లు, ట్రాక్టర్లు చూసిన మనిషి. పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని పిడి చెవికి ఆనించి, కొనని బెల్టుకి దూరంగా ఒక్కోదాని బాడీ మీద పెట్టి విని, "ఇదిగో, ఇక్కడరా" అన్నారు. చూస్తే ఏసీ కంప్రెసర్. టార్చి వేసి చూశాం, పుల్లీ తిన్నగా తిరగట్లేదు, సన్నగా వంకర కొడుతోంది, దాని చుట్టూ నల్లటి రబ్బరు పొడి, తుప్పు రంగు గ్రీజు చిమ్మి ఉన్నాయి.

దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు కూడా చూడకుండా ఏసీ మొత్తం కొత్తది వేస్తే 1,800 డాలర్లు, వద్దు పీకేయమంటే 600 అన్నారు. ఏది పాడైందో చెప్పండి అంటే సమాధానం లేదు, అక్కడ నాకు బాధేసింది. అందుకే మేమే తీసేద్దామనుకుంటున్నాం, నాన్న జులైలో వెళ్ళిపోతారు, ఈలోపు ఇద్దరం కలిసి చేయాలని ఉంది.

అడగాల్సింది ఏంటంటే, ఈ బండికి ఒకటే పొడుగు బెల్టు, ఆల్టర్నేటర్, వాటర్ పంప్, పవర్ స్టీరింగ్, ఏసీ అన్నీ దాని మీదే తిరుగుతాయి, మరి కంప్రెసర్ తీసేస్తే ఆ బెల్టుకి ఏం చేయాలి? లోపల గ్యాస్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది, ఉంటే నట్టు వదులు చేసి వదిలేయొచ్చా? డాష్‌బోర్డు విప్పాలా? రేడియేటర్ ముందున్న కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) కూడా తీసేయాలా ఉంచాలా?

---

సింగిల్‌క్యాబ్_వాడు:

బ్రో ఎక్కువ ఆలోచించకు. నా పాత టొయోటా పికప్‌కి, 22ఆర్‌ఈ ఇంజిన్‌ది, ఏసీ పోతే పది నిమిషాల్లో అయిపోయింది. ఏసీకి విడిగా ఒక బెల్టు ఉంటుంది, అది తీసి పక్కన పడేశా, కంప్రెసర్ ఇప్పటికీ అక్కడే కూర్చునుంది, ఎవరికీ అడ్డం లేదు. నీది ఒకటే బెల్టు అంటున్నావ్ కాబట్టి కంప్రెసర్ తీసేసి పొట్టి బెల్టు వేసేయ్, ఓ తాడు చుట్టి కొలిచి షాపుకెళ్ళి అడిగితే ఇస్తారు. గ్యాస్ ఇన్నేళ్ళలో ఎప్పుడో పోయుంటది, నట్టు తిప్పేయ్ అంతే.

---

బెల్టుపుల్లీ_మిషిగన్:

పైన బ్రో చెప్పింది ఆయన టొయోటాకి వందశాతం కరెక్ట్, విడి బెల్టు ఉన్న బండికి అంతకన్నా తేలిక పని లేదు. కానీ ఎఫ్ 150కి ఆ లెక్క పనికిరాదు, ఆ చివరి మాట మాత్రం ఏ బండికీ పనికిరాదు. నేను ఇక్కడ విడిభాగాల కంపెనీలో పదేళ్ళుగా పని చేస్తున్నా, ఇంట్లో ఇలాంటి పాత ఫోర్డే ఒకటి ఉంది, అందుకని వివరంగా రాస్తున్నా.

ముందు జబ్బేంటో తేల్చండి. కంప్రెసర్ ముందు కనిపించే పుల్లీ ఏసీ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా ఇంజిన్ తిరిగినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, దానికి సొంత బేరింగ్ ఉంటుంది. స్విచ్ వేసినప్పుడే మాగ్నెట్ క్లచ్ పట్టుకుని లోపలి షాఫ్టుని తిప్పుతుంది. మీకు ఏసీ ఆఫ్‌లో కూడా చప్పుడు వస్తుందంటే, పుల్లీ వంకర కొడుతుందంటే, పోయింది ఆ బేరింగ్. కంప్రెసర్ లోపల బావుందో లేదో అది వేరే ప్రశ్న. ఈ రెండూ విడదీసి చెప్పకుండా 1,800 అన్నారు చూశారా, మీ బాధ న్యాయమైనదే.

ఖాయం చేసుకోడానికి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ వైరు తీసి, బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ని బార్‌తో వెనక్కి లాగి బెల్టు జార్చేయండి. ఇప్పుడు ఒక్కో పుల్లీ చేత్తో తిప్పి చూడండి, మంచి బేరింగ్ అయితే వేళ్ళకి ఏమీ తెలీదు, పోయినదైతే ఇసక తగిలినట్టు ఉంటుంది. టెన్షనర్ పుల్లీ కూడా తప్పకుండా తిప్పండి, దాని చప్పుడు కంప్రెసర్ మీదకి నెట్టి కంప్రెసర్ మార్చేసిన వాళ్ళని నేను చూశా. ఇంకా అనుమానం ఉంటే బ్యాటరీ తగిలించి బెల్టు లేకుండానే ఓ అర నిమిషం స్టార్ట్ చేసి వినండి, చప్పుడు మాయమైతే జబ్బు బెల్టు తిప్పే వాటిలోనే. అర నిమిషమే, వాటర్ పంప్ తిరగదు కాబట్టి అంతకు మించి వద్దు.

దీన్ని ఇలాగే నడపొద్దని ఎందుకంటున్నానంటే, ఆ బేరింగ్ ఒకరోజు పట్టేస్తుంది, పుల్లీ ఆగిపోతుంది, బెల్టు దాని మీద రాసుకుని కాలి తెగుతుంది. తెగిన క్షణంలో ఛార్జింగ్ పోతుంది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, నీళ్ళు తిరగక ఇంజిన్ కాగిపోతుంది. హైవే మీద ఇది జరగకూడదు. ఏసీ అక్కర్లేకపోయినా ఈ పుల్లీ సంగతి చూడక తప్పదు.

ఇక గ్యాస్. మీది 1995 కాబట్టి ఆర్ 134ఎ, 1994 మోడల్ నుంచి ఇక్కడి బండ్లు దాదాపు అన్నీ దానికి మారిపోయాయి, అంతకు ముందువి చాలావరకు ఆర్ 12. బానెట్ కింద స్టిక్కర్ చూసుకోండి. అమెరికాలో దీన్ని కావాలని గాల్లోకి వదలడం చట్టరీత్యా నేరం, క్లీన్ ఎయిర్ చట్టం 608 సెక్షన్, ఆర్ 12 లాంటివాటికి 1992 జులై నుంచి, ఆర్ 134ఎకి 1995 నవంబర్ నుంచి అమల్లో ఉంది. మన ఇంటి దగ్గర ఎవరు చూస్తారు అనొద్దు, ఈ గ్యాస్ ఒక కిలో వదిలితే వెయ్యి కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి చేస్తుంది వాతావరణానికి. పైగా అది మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే పదార్థం, నట్టు వదులు చేయగానే చేతి మీదకో కంట్లోకో చిమ్మిందంటే చర్మం గడ్డకట్టి చచ్చిపోతుంది. గొట్టాల దగ్గర గ్యాస్ కట్టర్, మంట అస్సలు పెట్టొద్దు, కాలితే విషవాయువు వస్తుంది.

ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, పార్ట్స్ షాపుల్లో ఒత్తిడి కొలిచే గేజ్ సెట్ అద్దెకిస్తారు, ఇంజిన్ ఆపి ఉండగా తగిలించండి. సున్నా చూపిస్తే ఖాళీ. 70 డిగ్రీల ఫారన్‌హీట్ వాతావరణంలో 70 పీఎస్‌ఐ, 90 డిగ్రీలుంటే 100 దాటి చూపిస్తే లోపల గ్యాస్ ఇంకా ఉన్నట్టే. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఆ అంకె ఎంత గ్యాస్ ఉందో చెప్పదు, లోపల చుక్క ద్రవం మిగిలున్నా నిండుగా ఉన్నా ఒకటే అంకె, ఉందా లేదా అన్నదే చెబుతుంది. ఉంటే ఏసీ షాపుకెళ్ళి మెషీన్‌తో లాగించేయండి, చాలాచోట్ల పెద్ద ఖర్చు కాదు.

బెల్టు విషయంలో పొట్టి బెల్టు జోలికి తొందరపడి పోవద్దు. కంప్రెసర్ లేనప్పుడు బెల్టు దారి మారిపోతుంది, కొన్ని బండ్లలో పక్కనున్న దేనికో రాసుకుంటుంది, కొన్నిట్లో వాటర్ పంప్ పుల్లీ చుట్టూ పట్టు తగ్గి జారుతుంది. కంప్రెసర్ చోట్లోనే బిగించే బైపాస్ పుల్లీలు అమ్ముతారు, సంవత్సరం, ఇంజిన్ రెండూ చెప్పి అడగండి, అది దొరికితే బెల్టు దారి మారదు, అదే ఉత్తమం. దొరక్కపోతేనే పొట్టి బెల్టు, అప్పుడు కూడా కాగితం మీద దారి గీసుకుని ప్రతి పుల్లీ ముందు తిరిగిన వైపే తిరుగుతుందో లేదో చూసుకోండి. బెల్టు మీద 6పీకే అని ఉండి పక్కన అంకె ఉంటే 6 గాళ్ళు, ఆ అంకె మిల్లీమీటర్లలో పొడుగు.

కంప్రెసర్ బిగించిన బ్రాకెట్ మాత్రం ఊడదీయకండి, చాలా ట్రక్కుల్లో దాని మీదే పవర్ స్టీరింగ్ పంపో ఇంకోటో కూర్చుని ఉంటుంది. ఇంకో మాట, మీ ఇంజిన్‌కి అదే బెల్టు మీద స్మాగ్ పంప్ కూడా ఉండాలి, అది పొగ శుభ్రం చేసే సామాను, ఎలాగూ విప్పుతున్నాం కదా అని దాన్ని కూడా తీసేయకండి. ఏసీ తీసుకోవడం మీ ఇష్టం, ఎమిషన్ సామాను పీకడం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

డాష్‌బోర్డు విప్పక్కర్లేదు. క్యాబిన్ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ ఉన్నచోటే ఉండనీండి, అది తీస్తే గాలి పెట్టెకి కన్నం పడి హీటర్ గాలి కూడా కారిపోతుంది. దాని రెండు గొట్టాల మూతులు రబ్బరు బిరడాలతో మూసేయండి, లేకపోతే కందిరీగలు గూళ్ళు పెడతాయి. ఆ కాలం ఫోర్డుల్లో జాయింట్లు చాలావరకు స్ప్రింగ్ లాక్ రకం, పానా పెట్టి తిప్పితే రావు, వాటికి చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఉంటుంది, సైజుల సెట్టు కొనుక్కోండి.

---

తాటిముంజ_టెక్సాస్:

అన్నా ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్, నాన్నకి మొత్తం చదివి వినిపించా. బెల్టు జార్చి చూశాం. ఆల్టర్నేటర్, టెన్షనర్, మిగతావన్నీ నున్నగా తిరుగుతున్నాయి, కంప్రెసర్ పుల్లీ పట్టుకుని అటూఇటూ ఊపితే టకటకమని కొట్టుకుంటుంది, తిప్పితే ఇసకే. గేజ్ కూడా తెచ్చా. పొద్దున్నే 70 డిగ్రీలుంది, 71 చూపించింది! అంటే గ్యాస్ ఉన్నట్టేగా, నేనైతే ఖాళీ అనుకుని నట్టు తిప్పేవాణ్ణి. ఇప్పుడు చిక్కేంటంటే గ్యాస్ లాగించాలంటే 12 మైళ్ళు బండి నడపాలి, ఈ పుల్లీతో నడపడానికి భయమేస్తోంది. టో చేయించాలా?

---

ఓరుగల్లు_హ్యూస్టన్:

అన్నా నేను జర గట్టిగనే చెప్తున్న, ఏమనుకోకు. గ్యాస్ ఉన్నదంటే సిస్టం ఇంకా బతికే ఉన్నదేమో, ఎందుకు పీకుడు? క్లచ్, పుల్లీ, బేరింగ్ ఇవన్నీ గ్యాస్ విప్పకుండనే మార్చొచ్చు, బయటి సామానే కదా. నా పాత షెవీకి గట్లనే చేసిన, ఇప్పటికీ చల్లగనే ఉన్నది. టెక్సస్ ఎండల, జులై ఆగస్టుల 100 డిగ్రీలు దాటినప్పుడు ఏసీ లేని క్యాబిన్ల కూసుంటే తెలుస్తది. మీ నాయిన వయసు ఎంతనో నాకు తెల్వదు గానీ పెద్దమనిషిని ఆ ఎండల తిప్పకు. ఎండ ఒక్కటే కాదు, వాన పడ్డప్పుడు అద్దం మీద ఆవిరి పడ్తది, దాన్ని ఆరబెట్టేది కూడా ఏసీనే. డిఫ్రాస్ట్ పెట్టినప్పుడు కంప్రెసర్ దానంతట అదే తిరుగుతది, శానమందికి ఈ సంగతి తెల్వదు. ఒక్కసారి పీకినంక మళ్ల పెట్టాలంటే రెండింతలైతది, మంచిగ ఆలోచించు.

---

ఆటోనగర్_ఏసీ:

తమ్ముడూ, మాది బెజవాడ ఆటోనగర్, 22 ఏళ్ళుగా ఇదే పని, బొలేరోలు, టాటా పికప్‌లు, పాత అంబాసిడర్ల దగ్గర్నుంచి చూశా. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టి బేరింగ్ పట్టుకునే మనుషులు మా దగ్గర కూడా తగ్గిపోయారు.

టో అక్కర్లేదు. కంప్రెసర్ ముందు మూడు ముక్కలుంటాయి. మొదట గుండ్రటి ప్లేటు, మధ్యలో ఒక బోల్టు. అది తీస్తే వెనక సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు), అది తీస్తే పుల్లీ బేరింగ్‌తో సహా పుల్లర్ పెడితే వచ్చేస్తుంది, దాని వెనక క్లచ్‌ని లాగే మాగ్నెట్ కాయిల్. ప్లేటు వెనక సన్న వాషర్లుంటాయి, అవి పారేసుకోకు, ప్లేటుకీ పుల్లీకీ మధ్య అర మిల్లీమీటరు అటూఇటూ సందు ఉండాలి, ఆ వాషర్లు ఉండేది దానికే. ఇప్పుడు జంక్‌యార్డులో అదే ఇంజిన్ బండి వెతికి మంచి పుల్లీ ఒకటి తెచ్చుకుని వేసుకో, సర్‌క్లిప్ పెట్టేయ్, ముందు ప్లేటు మాత్రం వెయ్యకు. ప్లేటు లేకపోతే ఆ పుల్లీ ఊరికే తిరిగే చక్రం, షాఫ్టుకి దానికి సంబంధం లేదు. బెల్టు మార్చక్కర్లేదు, గ్యాస్ కదిలేది లేదు, నువ్వు నిశ్చింతగా షాపు దాకా వెళ్ళి రావచ్చు. మా దగ్గర బేరం బండ్లకి డబ్బు అందేదాకా ఇలాగే నడిపిస్తాం, కొన్నయితే ఏళ్ళ తరబడి అలాగే తిరుగుతున్నాయి.

పైన తమ్ముడు చెప్పినట్టు రిపేరా పీకుడా అన్నది తేలాలంటే ఒక్కటే దారి, లోపల చూడాలి. గ్యాస్ లాగించాక ఫోర్డుల్లో లిక్విడ్ లైన్లో ఆరిఫిస్ ట్యూబ్ అని వేలెడంత జల్లెడ ఉంటుంది, బయటకి లాగు. జల్లెడ శుభ్రంగా ఉంటే కంప్రెసర్ బావున్నట్టు, క్లచ్ వేసుకుని, జల్లెడ, డ్రయర్ (గ్యాస్‌లో తేమ పీల్చే డబ్బా) మార్చి గ్యాస్ ఎక్కించుకో, ఓరుగల్లు తమ్ముడి మాటే నా మాట. జల్లెడ నిండా నల్లటి జిగురు, మెరిసే అల్యూమినియం పొడి ఉందనుకో, కంప్రెసర్ లోపల అరిగి ఆ పొడి అంతా కండెన్సర్లోకి పోయింది, ఇక అందులో కొత్త కంప్రెసర్ వేస్తే అది కూడా మూడు నెలల్లో అదే దారి పడుతుంది. అప్పుడు మొత్తం మార్చు, లేదా మొత్తం తీసేయ్, మధ్యలో ఆగొద్దు.

గ్యాస్ గురించి ఒక్క మాట. నేను పని నేర్చుకున్న రోజుల్లో మా షెడ్డులో రోజుకి నాలుగైదు బండ్ల గ్యాస్ అలా బుస్సుమని వదిలేసేవాళ్ళం, ఎవరూ తప్పని చెప్పలేదు మాకు. అది తప్పే. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం, కిగాలీ సవరణ అంటారు, దాన్ని మనదేశం కూడా 2021లో ఆమోదించింది, ఈ గ్యాసులు తగ్గించాల్సిందే. నేను మెషీన్ కొన్నప్పుడు పక్క షెడ్లవాళ్ళు దండగన్నారు, లాగిన గ్యాసే శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తున్నా, దాని డబ్బులు అదే తెచ్చుకుంది.

---

బెల్టుపుల్లీ_మిషిగన్:

ఆటోనగర్ అన్నగారు చెప్పిన ప్లేటు తీసేసే పద్ధతి బంగారం, నేను రాయాల్సింది మర్చిపోయా. ఒకటి కలుపుతా, కంప్రెసర్ వైరు ప్లగ్ పీకి టేపు చుట్టండి, అక్యుమ్యులేటర్ డబ్బా (అన్నగారు డ్రయర్ అన్నది ఇదే) మీద ప్రెషర్ స్విచ్ ఉంటుంది, దాని ప్లగ్ కూడా పీకేయండి. లేకపోతే డిఫ్రాస్ట్ పెట్టిన ప్రతిసారీ కాయిల్‌కి కరెంటు పోతూనే ఉంటుంది.

---

సింగిల్‌క్యాబ్_వాడు:

నేను గ్యాస్ పోయుంటది అని తేలిగ్గా రాసేశా, 71 చూశాక తప్పనిపించింది. నా టొయోటాలో కూడా ఉండే ఉంటుంది, దానిది ఆర్ 12, ఈ వారమే తీసుకెళ్ళి లాగించేస్తా.

---

తాటిముంజ_టెక్సాస్:

మూడు వారాలయింది, పని అయిపోయింది, ఎవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

జంక్‌యార్డులో అదే ఇంజిన్ ఉన్న బండి దొరికింది, పుల్లీ 15 డాలర్లు. నాన్న మూడు బండ్ల పుల్లీలు చేత్తో తిప్పి చూసి ఒకటి ఎంచారు, అది మాత్రం వేలితో తడితే చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. మా పాతది పుల్లర్ పెట్టి లాగేసరికి బేరింగ్ లోపలి రింగు కంప్రెసర్ మెడ మీదే ఉండిపోయి, గుండ్లు రెండు నేల మీద పడ్డాయి, ఒకటి సగానికి చీలి ఉంది. అది అరచేతిలో పెట్టుకుని చూస్తే ఒళ్ళు జలదరించింది, అంతకు ముందు వారమే ఈ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్ళా. ఆ రింగుని సన్న ఉలితో చీల్చి తీయడానికి నాన్నకి గంటన్నర పట్టింది, మెడ మీద ఒక్క గీత కూడా పడకుండా తీశారు.

ప్లేటు వెయ్యకుండా కొత్త పుల్లీ పెట్టి స్టార్ట్ చేస్తే ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నెల రోజులుగా ఆ గరగర విని విని అసలు ఈ ఇంజిన్ ఇంత మెత్తగా నడుస్తుందనే మర్చిపోయా. మర్నాడు షాపుకెళ్ళా, ముందు వెళ్ళింది కాదు వేరేది, 40 డాలర్లు తీసుకుని గ్యాస్ లాగి కాగితం ఇచ్చారు, ముప్పాతిక పౌను వచ్చింది. మిషిగన్ అన్న చెప్పినట్టే, అంత కొంచెం ఉన్నా గేజ్ 71 చూపించింది.

ఓరుగల్లు బ్రో, నీ మాట పట్టుకుని రిపేరే చేద్దామనుకున్నాం నిజంగా, నాన్న కోసమైనా. ఆరిఫిస్ ట్యూబ్ లాగేదాకా అదే మాట మీద ఉన్నాం. బయటికి వచ్చేసరికి జల్లెడ కనపడలా, ముద్దకట్టిన కాటుకలా ఉంది, తెల్ల గుడ్డ మీద తుడిస్తే అందులో వెండి రజను తళతళలాడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఇక మాట్లాడుకోడానికి ఏం లేదు, తీసేయడమే.

బైపాస్ పుల్లీ ఆన్‌లైన్లో మా సంవత్సరానికి, ఇంజిన్‌కి దొరికింది. జంక్‌యార్డు పుల్లీతోనే నడిపేద్దామా అనుకున్నా గానీ దాని బేరింగ్ ఎన్నాళ్ళాగుతుందో ఎవరికి తెలుసు, పైగా కంప్రెసర్ కింద నుంచి నూనె చెమ్మ కారుతోంది. కంప్రెసర్ బోల్టుల్లో ఒకటి తుప్పుతో పట్టేసింది, రాత్రి తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేసి పొద్దున బిగించే వైపు కొంచెం కదిపి తర్వాత విప్పితే వచ్చింది. స్ప్రింగ్ లాకులకి ప్లాస్టిక్ పనిముట్టు నిజంగానే కావాలి, అది లేకుండా ఓ అరగంట వృథా చేశా. గ్యాస్ లాగించినా ప్రతి జాయింట్ దగ్గరా కొంచెం పాత నూనె కారుతుంది, కింద పళ్ళెం పెట్టుకోండి, ఆ నూనె డ్రెయిన్లో పోయకండి.

కండెన్సర్ తీసేశాం. తీసింది మంచిదైంది, దానికీ రేడియేటర్‌కీ మధ్య చెయ్యి పట్టని సందులో ముప్పై ఏళ్ళ చెత్త, కాటన్‌వుడ్ చెట్ల దూది అట్టలు కట్టి, మధ్యలో మిడతల రెక్కలు, ఎండిన ఆకులు. నాన్న నీళ్ళ పైపుతో వెనకనుంచి ముందుకి నెమ్మదిగా కడిగారు, ఎదురు కొడితే రేడియేటర్ రెక్కలు వంగిపోతాయిరా అని నన్ను పైపు ముట్టుకోనివ్వలా. ఇప్పుడు ట్రాఫిక్‌లో ఆగినా టెంపరేచర్ ముల్లు ఇదివరకంత పైకి పోవట్లేదు, అది కండెన్సర్ తీసినందుకా కడిగినందుకా అంటే కడిగినందుకే అనుకుంటున్నా. కండెన్సర్ పక్కల సందులు మూసే రబ్బరు పట్టీలు ఉంటాయి, అవి మళ్ళీ రేడియేటర్‌కే పెట్టేశాం, గాలి పక్కనుంచి జారిపోకుండా. కూలింగ్ కాయిల్ ముట్టుకోలేదు, గొట్టాలకి బిరడాలు పెట్టి పైన క్లాంపులు వేశాం.

అద్దం మీద ఆవిరి సంగతి ఓరుగల్లు బ్రో చెప్పింది నిజమే. మొన్న వానకి పొద్దున్నే స్కూలు దగ్గర అద్దం మొత్తం తెల్లబడిపోయింది. మ్యాక్స్ మీద కాకుండా బయటి గాలి వచ్చేలా పెట్టి, హీటర్ వేడి మీద ఫ్యాన్ ఫుల్ తిప్పి, రెండు కిటికీలు వేలెడు దించితే రెండు నిమిషాల్లో పోయింది, కానీ ఆ రెండు నిమిషాలు బండి కదపకూడదు. లోపలి అద్దం శుభ్రంగా తుడిచి ఉంచితే తక్కువ పడుతోంది. ఎండల గురించి, మధ్యాహ్నం పూట నాన్నని దీంట్లో తిప్పట్లేదు, పొద్దున ఏడుకో సాయంత్రం దాటాకో ఎరువుకి వెళ్ళొస్తున్నాం. పాత పుల్లీ ఆయన పారేయనివ్వలా, సొరపాదు పందిరి తీగ వదులవకుండా దానికి బరువు కట్టారు.

---

ఓరుగల్లు_హ్యూస్టన్:

జల్లెడ గట్ల ఉన్నంక ఇంకేం ఉన్నది, నువ్వు చేసిందే కరెక్ట్ అన్నా. చీలిన గుండు ఫోటో ఉంటే పెట్టు, మా వాళ్ళకి చూపెడ్త. ఇంతకూ బెల్టు ఏ సైజు వేసినవ్?

---

తాటిముంజ_టెక్సాస్:

ఫోటో రాత్రికి పెడతా. బెల్టు ఏసీ ఉన్న బండికి వచ్చే సైజే, బైపాస్ పుల్లీ అదే చోట అదే కొలతలో కూర్చుంది కాబట్టి మార్చక్కర్లేకపోయింది. పాత బెల్టు గాళ్ళలో చీలికలు కనిపించాయి, అందుకని అదే సైజులో కొత్తది వేశా, పాతది ఇంకా మరీ చెడిపోలేదు కాబట్టి పానాతో సహా సీటు వెనక పెట్టుకున్నా.